పేలిక చూపిస్తేనే పిల్ల

మా కరుణశ్రీ పిల్లల సెంటరుకు లైసెన్సు రావడానికి ఎనిమిది నెలలు ఎందుకు పట్టిందని ఎవరైనా అడిగితే నేను వెంటనే మాట మార్చేస్తాను. ఎందుకంటే అందులో ఐదు నెలలు నా పుణ్యమే. ముప్పై రెండేళ్లు పాఠాలు చెప్పి, హెడ్మాస్టరుగా రిటైరై, రేపల్లెలో మా లూథరన్ సంఘానికి పెద్దగా ఉంటూ, ఎవరికి ఏ దరఖాస్తు కావాలన్నా అడగకముందే రాసిపెట్టే వరప్రసాదం మాస్టారిని నేనే. నా రాత ముత్యాల్లా ఉంటుందని ఊరంతా అంటుంది. ఆ ముత్యాలే ఆ అమ్మాయి కొంప ముంచబోయాయి.

కరుణశ్రీ నా దగ్గరే ఏడో తరగతి చదివింది. లెక్కల్లో అంతంత మాత్రం. కానీ క్లాసులో ఎవరు పెన్సిలు పోగొట్టుకున్నారో, ఎవరు అన్నం తినకుండా వచ్చారో నాకంటే ముందు ఆమెకే తెలిసేది. పదో తరగతి కాగానే స్టేషను రోడ్డులో టైలరు జాన్సన్‌తో పెళ్లయింది. జాన్సన్ రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ, వాళ్లింట్లో మాట్లాడేదంతా కుట్టుమిషనే. ఒక్కతే కూతురు, గుంటూరులో నర్సింగు చదువుతోంది.

పదహారేళ్లపాటు కరుణశ్రీ పొద్దున్నే రేపల్లె పాసింజరు ఎక్కి తెనాలి వెళ్లి, అక్కడ ఒక ప్రైవేటు నర్సరీ బడిలో ఆయాగా పనిచేసింది. బడి పేరు మనకు అనవసరం. టీచర్లు పిల్లలకు ఏబీసీడీలు చెప్పేవారు. మిగతాదంతా కరుణశ్రీదే. ముక్కులు తుడవడం, తడిసిన నిక్కర్లు మార్చడం, పెరుగన్నం కలిపి కథ చెబుతూ తినిపించడం, ఏడ్చేవాణ్ని భుజాన వేసుకుని వరండాలో పచార్లు చేయడం. జ్వరం వస్తున్న పిల్లను ఒళ్లు కాలకముందే కళ్లు చూసి చెప్పేది. అన్నీ చేసినా బడి రిజిస్టరులో మాత్రం ఆమె పేరు పక్కన ‘స్వీపరు’ అనే ఉండేది.

ఆమెకొక పద్ధతి ఉంది. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక సాయంత్రం ఎవరో బాబాయినని చెప్పి వచ్చి ఒక పిల్లను తీసుకెళ్లాడు. బాబాయి నిజమే. కానీ ఆ అన్నదమ్ములకు అప్పటికి ఏడాదిగా మాటల్లేవు. మూడు గంటలు బడంతా అల్లకల్లోలమైంది. చివరికి పిల్ల నాయనమ్మ ఇంట్లో క్షేమంగా దొరికింది. పంపించమన్నది టీచరు, తిట్లు తిన్నది ఆయా. మర్నాడు కరుణశ్రీ జాన్సన్ మిషను కింద పడిన గుడ్డముక్కలు సంచినిండా తీసుకెళ్లింది. పొద్దున పిల్లను అప్పజెప్పగానే ఒక ముక్కను రెండుగా చింపి, ఒక పేలిక పిల్ల చేతికి కట్టి, రెండోది తెచ్చినవాళ్ల చేతిలో పెట్టేది. సాయంత్రం ఆ పేలిక తెచ్చినవాళ్లకే పిల్ల. చింపిన అంచులు, మీది పూలు రెండూ కలవాలి. రోజూ కొత్త గుడ్డ. టైలరు పెళ్లానికి గుడ్డముక్కలకు ఏం కరువు? చదువు రాని నాయనమ్మకైనా ఆ లెక్క అర్థమయ్యేది. మళ్లీ పద్నాలుగేళ్లలో ఒక్క పిల్ల కూడా తప్పుడు చేతికి వెళ్లలేదు.

అసలు సంగతి మొదలైంది పాసింజరులోనే. ఆ బండిలో మా ఊరి ఆడవాళ్లు ముప్పై నలభైమంది తెనాలి పనులకు వెళ్తారు. బట్టల షాపులు, ఆస్పత్రులు, మందుల దుకాణాలు. అందులో దుర్గ ఒకతి. ఆమెది సూర్యలంక, వాళ్లది చేపల వేటకు వెళ్లే కుటుంబం. రేపల్లె కోడలైంది. భర్త పడవ మీద వెళ్తే వారానికి గానీ రాడు. తాను చీరల షాపులో చేస్తుంది. పదకొండు నెలల పాపను అత్తగారి దగ్గర వదిలి వెళ్లేది. ఆ అత్తగారికి చూపు సరిగా ఆనదు. ఒకరోజు పాప పాక్కుంటూ వెళ్లి రోడ్డు మధ్యలో కూర్చుంది. ఆటోవాడు చూసి ఎత్తుకొచ్చాడు కాబట్టి సరిపోయింది. మర్నాడు బండిలో దుర్గ భట్టిప్రోలు దాకా కిటికీ బయటికే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు.

“ఈ నెలతో మానేస్తానక్కా” అంది.

“మానొద్దు. నీ పాపను నేను చూస్తాను” అంది కరుణశ్రీ.

తెనాలి స్టేషను వచ్చేలోపు ఇంకో ఆరుగురు తల్లులు ఆమె చుట్టూ చేరారట. ఆ నెలాఖరుకు ఆమె ఆయా పని మానేసి, నేరుగా మా ఇంటికి వచ్చింది.

“మాస్టారూ, మా ఇంట్లో పిల్లల సెంటరు పెడతాను. లైసెన్సుకు కాగితం రాసిపెట్టండి.”

“లైసెన్సెందుకే? నాలుగు చాపలు పరుచుకుని చూసుకో. ఎవరడుగుతారు?” అన్నాను నేను. ఇదీ మన తెలివి.

ఆమె కుర్చీలో కూర్చోకుండానే జవాబు చెప్పింది. “ఎవరూ అడక్కపోతే నేను ఎవర్నీ కానండి. పదహారేళ్లు పిల్లలకేమన్నా అయితే ఆయాదే తప్పు, బాగుంటే స్కూలు గొప్ప. నేను చేసే పనిని పనే అని గవర్నమెంటు ఒక కాగితం మీద రాయాలి మాస్టారూ. అది గోడకు తగిలించాక గానీ ఒక్క పిల్లని కూడా తీసుకోను.”

నాకు ఆ పట్టుదల నచ్చింది. నచ్చింది కాబట్టే రెచ్చిపోయాను. రెండు రోజులు కూర్చుని నాలుగు పేజీల దరఖాస్తు రాశాను. ‘శిశు వికాస రంగమున అపారమైన అనుభవము గడించిన ప్రముఖ విద్యావేత్త్రి’ అని మొదలుపెట్టాను. ఆయా అన్న మాట ఎక్కడా రానివ్వలేదు. కరుణశ్రీ చదవకుండానే సంతకం పెట్టేసింది. “మీరు రాసింది నేను దిద్దుతానా?” అని నవ్వింది. అలా నాలుగు పేజీలూ లైసెన్సులిచ్చే బాపట్ల ఆఫీసుకు చేరాయి.

ఆ తర్వాత రెండు నెలలు మొగుడూ పెళ్లాలిద్దరూ ఇంటిని తలకిందులు చేశారు. పెరట్లో బావికి ఇనుప జల్లెడ బిగించారు. గ్యాసు పొయ్యిని వెనక వసారాలోకి మార్చి మధ్యలో తలుపు పెట్టారు. కరెంటు ప్లగ్గులు పిల్లల చేతికి అందనంత ఎత్తుకు ఎక్కించారు. గేటుకు పైన ఒకటి, కింద ఒకటి గడియలు. ఇల్లు చిన్నదే, రెండు గదులూ ఒక వరండా. పదిహేనుమంది పిల్లలకు సరిపోతుందని దరఖాస్తులో రాశాం. తనిఖీకి గురువారం నాడు ఆఫీసరు గారు వస్తారని కబురొచ్చింది.

ఇక్కడ మా సంఘం సంగతి ఒకటి చెప్పాలి. మా వాళ్లకొక జబ్బుంది. ఎవరైనా పెద్దవాళ్లు వస్తున్నారంటే ఖాళీ కుర్చీలు చూపించడం మాకు తెలియదు. బిషప్పు గారొచ్చినా, బ్యాంకు మేనేజరొచ్చినా షామియానా, బంతిపూల దండ, పిల్లల చేత స్వాగత గీతం, చివర అరటిపండు తప్పవు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటనలు చదివేది నేనే కదా. “ఈ గురువారం మన సహోదరి కరుణశ్రీ గారి పిల్లల సెంటరుకు ఆఫీసరు గారు విచ్చేస్తున్నారు. సంఘస్థులందరూ తమ పిల్లలతో వచ్చి ప్రోత్సహించవలసిందిగా మనవి” అని గొంతు సవరించుకుని మరీ చదివాను. కరుణశ్రీ ఆరోజు గోడలకు రంగు వేస్తూ చర్చికి రాలేదు. వచ్చుంటే అక్కడే నా నోరు మూయించేది.

గురువారం పొద్దున ఆరున్నరకే తల్లులు బారులు తీరారు. పిల్లలందరికీ పండుగ బట్టలు, తలకు నూనె, బుగ్గన చుక్క. కరుణశ్రీకి ముందు ఏమీ అర్థం కాలేదు. “ఇవాళ తనిఖీ మాత్రమేనమ్మా, సెంటరు తెరవలేదు” అని అరుస్తూనే ఉంది. ఎవరు వింటారు? అవతల పాసింజరు కూత వినిపించింది. దుర్గతో సహా తొమ్మిదిమంది తల్లులు పిల్లల్ని ఆమె చేతుల్లో పెట్టేసి స్టేషనుకు పరుగెత్తారు. పరుగెత్తేవాళ్ల వెంటపడి, అలవాటు చొప్పున ఒక్కొక్కరి చేతిలో పేలిక పెట్టి వచ్చింది. మిగతావాళ్లు షామియానా కింద కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. మొత్తం ఇరవై ఏడుమంది పిల్లలు.

పది గంటలకు ఆఫీసరు మాణిక్యాంబ గారు వచ్చారు. యాభై ఏళ్లుంటాయి. ఆవిడ గేటు దగ్గర చెప్పులు విప్పుతుండగానే మా పిల్లలు స్వాగత గీతం అందుకున్నారు. నేను దండ వేయబోతే ఆవిడ చేతులు అడ్డం పెట్టారు.

“ఈ పిల్లలంతా ఎవరండి?”

“మన సెంటరు పిల్లలే మేడమ్!” అన్నాను ఛాతీ విరుచుకుని. ఆ నాలుక్కి ఆ క్షణంలో పక్షవాతం వచ్చినా బాగుండేది.

ఆవిడ ముఖం ఎర్రబడింది. “పదిహేనుమందికి దరఖాస్తు పెట్టుకుని, లైసెన్సు రాకుండానే ఇంతమందిని పెట్టుకున్నారా? దీన్ని చూడమని నన్ను పిలిచారా?”

పాట ఆగిపోయింది. తల్లులు ఎవరి పిల్లల్ని వాళ్లు ఎత్తుకుని, అరటిపండ్ల గెల కూడా మర్చిపోయి, సందులోంచి మాయమయ్యారు. పద్దెనిమిదిమంది వెళ్లిపోయారు. తెనాలి బండెక్కినవాళ్ల పిల్లలు తొమ్మిదిమంది మిగిలారు.

“వీళ్లనూ పంపించేయండి. ఇప్పుడే” అన్నారు మాణిక్యాంబ గారు.

“వీళ్ల తల్లులు తెనాలిలో ఉన్నారండి. సాయంత్రం బండికి వస్తారు.”

“పక్కింటివాళ్లకో, చుట్టాలకో అప్పజెప్పండి. ఒక్క పిల్ల ఇక్కడున్నా సెంటరు నడుపుతున్నట్టే రాస్తాను.”

కరుణశ్రీ భుజం మీద దుర్గ పాప అప్పుడే నిద్రపోయింది. ఆమె గొంతు పెంచలేదు. “మీరేం రాసుకుంటారో రాసుకోండి మేడమ్. నా చేతికి ఇచ్చినవాళ్ల చేతికి తప్ప పిల్లని ఇంకెవ్వరికీ ఇవ్వనండి.”

లైసెన్సు పోయినట్టేనని అక్కడున్న మాకందరికీ తెలుసు. అందరికంటే బాగా ఆమెకే తెలుసు. మాణిక్యాంబ గారు ఫైలు తెరిచి రాయడం మొదలుపెట్టారు. రాస్తూ రాస్తూ నా దరఖాస్తు దగ్గర ఆగారు.

“విద్యావేత్త్రి అని రాశారు. ఏం చదివారు మీరు?”

“పదో తరగతండి.”

“ఏ స్కూల్లో టీచరుగా చేశారు?”

“టీచర్ని కాదండి. ఆయానండి.”

“మరి ఇదెవరు రాశారు?”

నేను వరండా స్తంభం వెనక్కి జరిగాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇవాళ్టికీ సిగ్గేస్తుంది. కరుణశ్రీ నా వైపు తల కూడా తిప్పలేదు. “సంతకం నాదేనండి” అంది. అంతే. ఆవిడ చూపించిన చోట ఇంకో సంతకం పెట్టింది.

ఊళ్లో వేరే పనులు చూసుకుని మాణిక్యాంబ గారు సాయంత్రం ఆరున్నరకు మళ్లీ వచ్చారు. సెంటరు మూశారో లేదో చూడాలని వచ్చారేమో. అప్పుడే బండి దిగిన తల్లులు ఒక్కొక్కరే గేటు దగ్గరికొస్తున్నారు. కరుణశ్రీ ప్రతివాళ్ల పేలికా తీసుకుని, పిల్ల చేతికున్న ముక్క పక్కన పెట్టి, అంచులు కలిశాకే పిల్లను అందిస్తోంది. ఏళ్లపాటు తనతో బండిలో పక్కన కూర్చున్న దుర్గనైనా అంతే. ఆ గుడ్డేంటని ఆవిడ అడిగితే, దుర్గ పాపను చంకనేసుకుని పద్ధతంతా చెప్పింది. మాణిక్యాంబ గారు విన్నారు. ఆ తర్వాత బాపట్ల బస్సెక్కడానికి వెళ్లిపోయారు.

రెండు వారాలకు కాగితం వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. అనుమతి లేకుండా పిల్లల్ని ఉంచినందుకు ఒకటి, అర్హత గురించి నిజం కానిది రాసినందుకు ఒకటి, పిల్లల్ని చూసిన అనుభవానికి రుజువు లేనందుకు ఒకటి. మూడింటిలో మొదటి రెండూ నావే. నేను ఆ కాగితం పట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. జాన్సన్ మిషను ఆపి, నాకు స్టూలు వేసి, బయటికి వెళ్లిపోయాడు.

“క్షమించమ్మా. నీకు మంచి చేద్దామనే...” అన్నాను.

“నాకు మీ మీద చాలా కోపంగా ఉంది మాస్టారూ” అంది. పాతికేళ్ల పరిచయంలో ఆమె నాతో అలా మాట్లాడడం అదే మొదలు. “చర్చిలో చెప్పినందుకు కాదండి. అది మన వాళ్ల పిచ్చి, నాకు తెలుసు. ఆయా అని రాయడానికి మీకు నామోషీ వేసింది. స్కూలోళ్లు స్వీపరని రాశారు, మీరేమో విద్యావేత్త అని రాశారు. నేను చేసిన పని పేరు మాత్రం ఇద్దరూ రాయలేదు.”

ఎంతమంది పిల్లల చేత తప్పులు దిద్దించానో లెక్కలేదు. నా తప్పు ఒక్క వాక్యంలో దిద్దింది ఆ అమ్మాయి. ఆ పూట ఇంటికి నడుస్తూ కళ్లు తుడుచుకున్నాను. దారిలో ఎవరో పలకరిస్తే దుమ్ము పడిందని చెప్పాను.

నెలలు గడుస్తున్నాయి. ఈలోగా దుర్గ షాపుకు సెలవు పెట్టింది. మూడు నెలల కంటే ఆగలేమని షాపువాళ్లు చెప్పేశారు. అది విన్నాక కరుణశ్రీ ఒక రోజు పొద్దున్నే తయారై బాపట్ల బయల్దేరింది. వెంట నేనూ వెళ్లాను. రమ్మని అడగలేదు, వద్దనీ అనలేదు. ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చుని, నా దగ్గర పెన్ను మాత్రం తీసుకుని, తానే రాసింది. నేను తొంగి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టింది. ఆ కాగితాన్ని తర్వాత ఎన్నోసార్లు చదివాను కాబట్టి నాకు కంఠతా వచ్చు.

‘నా పేరు కరుణశ్రీ. నేను పదో తరగతి చదివాను. పదహారేళ్లు తెనాలిలో ఆయాగా చేశాను. రిజిస్టరులో స్వీపరు అని ఉంది. నేను ఊడ్చాను కూడా. రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు అన్నం పెట్టాను, నిద్రపుచ్చాను, కడిగాను. ఆ రోజు తొమ్మిదిమంది పిల్లల్ని ఇంట్లో ఉంచింది నిజమే. తల్లులు లేకుండా పంపించడం నాకు చేతకాదు. లైసెన్సు ఇచ్చినా అలాగే చేస్తాను.’

మాణిక్యాంబ గారు దాన్ని రెండుసార్లు చదివారు. “ఇది మీరే రాశారా?”

“అవునండి. తప్పులుంటే చెప్పండి.”

“ఇందులో తప్పుల్లేవు” అన్నారావిడ. “కానీ అనుభవానికి రుజువు కావాలి. స్కూలువాళ్లు ఇవ్వరు కదా. మీరు చూసిన పిల్లల తల్లిదండ్రులు రాసిస్తే, దాన్ని పరిశీలించమని పైకి పంపిస్తాను. పదిమంది చాలు. ఎవరి మాటల్లో వాళ్లు రాయాలి. ఈ మాస్టారి మాటల్లో వద్దు.”

ఆ చివరి ముక్క నా మొహం మీదే అన్నారు. నేను వినయంగా తలూపాను.

ఆ శనివారం తెనాలి వెళ్లాం. మొదట వెంకటరత్నం గారి కిరాణా కొట్టు. ఆయన మనవడు పన్నెండేళ్ల కిందట ఆమె చేతుల్లో పెరిగాడట. బేరం మధ్యలో ఆపేసి, పప్పు పొట్లం కట్టే కాగితం మీదే రాయబోయాడు. కరుణశ్రీ నవ్వి తెల్ల కాగితం ఇచ్చింది. తర్వాత ఒక పళ్ల డాక్టరమ్మ, ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక పూలకొట్టావిడ. ఆ పూలకొట్టావిడకు చదువు రాదు. ఆమె చెబుతుంటే నేను రాయబోయాను. “మీరొద్దండి” అని కరుణశ్రీ కాలేజీకి వెళ్తున్న ఆవిడ కూతుర్నే కూర్చోబెట్టి రాయించింది. ఆ పిల్ల కూడా ఒకప్పుడు పేలిక కట్టించుకున్నదే.

పోలీసు క్వార్టర్సులో ఒక లేడీ కానిస్టేబులు మమ్మల్ని చూసి ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక స్కూటీ తాళంచెవి తీసి చూపించింది. దానికి వెలిసిపోయిన గుడ్డపేలిక ఒకటి ముడేసి ఉంది. “మా అబ్బాయి కృష్ణచైతన్యకు నీ దగ్గర ఆఖరి రోజున కట్టిందమ్మా. నీకు తిరిగివ్వలేదు. డ్యూటీలో ఉండి ఎన్నిసార్లు దీన్ని చూసుకుని ధైర్యం తెచ్చుకున్నానో” అంది. కరుణశ్రీ అప్పటిదాకా నిబ్బరంగానే ఉంది. అక్కడ మాత్రం ఆమెను పట్టుకుని భోరుమంది. కానిస్టేబులు కూడా ఏడ్చింది. నేను ఈసారి దుమ్ము సాకు చెప్పలేదు.

సాయంత్రం స్టేషనుకు వచ్చేసరికి పద్నాలుగు ఉత్తరాలున్నాయి. కబురు ఎలా పాకిందో గానీ, ప్లాట్‌ఫారం మీద ఇంకా కొందరు తల్లులు కాగితాలతో నిలబడి ఉన్నారు. ఒకావిడ బండి కదిలాక పరుగెత్తుకొచ్చి కిటికీలోంచి అందించింది. చిన్నరావూరు దాటేలోపు లెక్కపెడితే ముప్పై ఒకటి తేలాయి. బోగీలో మా ఊరి ఆడవాళ్లంతా చుట్టూ మూగి వాటిని పైకి చదవడం మొదలుపెట్టారు. ‘మా అమ్మాయి ఇంట్లో కంటే ఆమె దగ్గరే ఎక్కువ అన్నం తినేది’ అని ఒకటి. ‘మేమిద్దరం ఆస్పత్రిలో ఉన్నరోజు ఎనిమిదింటిదాకా మా బాబుతో స్కూలు గేటు దగ్గరే కూర్చుంది’ అని ఇంకొకటి. ఒక్కోటి చదివినప్పుడల్లా బోగీ అంతా చప్పట్లు. కరుణశ్రీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, “చాలు, ఇక ఆపండే” అంటూనే వింటోంది. నా జీవితంలో చాలా సన్మాన సభలు చూశాను, రెండు నాకూ జరిగాయి. ఆ పాసింజరులో జరిగిన దాని ముందు అవేవీ పనికిరావు.

ఆ ఉత్తరాలు చూసి పైవాళ్లు మళ్లీ తనిఖీ చేయమన్నారు. ఆ రెండో తనిఖీ రోజున నాకు ఉద్యోగం ఒకటే. సందు మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఎవర్నీ లోపలికి రానివ్వకపోవడం. అప్పటికీ దండ పట్టుకుని ఇద్దరు, పులిహోర గిన్నెతో ఒకావిడ వచ్చారు. “ప్రార్థన చేసి వెళ్తాను మాస్టారూ” అని మా పాస్టరు అయ్యగారే వచ్చారు. “ఇక్కణ్నించే చేయండయ్యగారూ, దేవుడికి వినిపిస్తుంది” అని ఆయన్నీ తిప్పి పంపాను. మాణిక్యాంబ గారు గంటన్నర ఉన్నారు. బావి జల్లెడ ఎక్కి నిలబడి చూశారట. గేటు గడియలు రెండూ పదిసార్లు తీసి వేశారట. వెళ్తూ నా కుర్చీ దగ్గర ఆగారు.

“ఏంటి మాస్టారూ, ఇవాళ పాట లేదా?”

“లేదండి. గొంతు బాగోలేదండి” అన్నాను. ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను.

లైసెన్సు తీసుకోవడానికి కరుణశ్రీ ఒక్కతే బాపట్ల వెళ్లింది. సాయంత్రం తిరిగొచ్చి, చేతిసంచిలోంచి కాగితం తీసి, మిషను మీద పరిచింది. జాన్సన్ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివాడు. నిర్వాహకురాలి పేరు కరుణశ్రీ. అనుభవం అన్నచోట ‘ఆయా, పదహారు సంవత్సరాలు’. అంతవరకు చదివి ఆపి, మళ్లీ చదివాడు. ఆ తర్వాత, రోజుకు పది మాటలు మాట్లాడని ఆ మనిషి రోడ్డు మీదికొచ్చి, వెళ్లేవాళ్లనూ వచ్చేవాళ్లనూ ఆపి ఆ ఒక్క మాటే చెప్పాడు. “మా ఆవిడకు వచ్చేసిందండి. ఆయా అనే రాశారండి!” నాకు తెలిసి ఆ రోజు ఆయన కనీసం రెండు వందల మాటలు మాట్లాడాడు.

సోమవారం తెరిచారు. దుర్గకు షాపువాళ్లిచ్చిన గడువు ఇంకా నాలుగు రోజులుంది. మొదటి పిల్ల ఆమె పాపే. పసుపు మీద ఎర్రపూల గుడ్డ చింపి కరుణశ్రీ పాప చేతికి కట్టింది. దుర్గ రెండో ముక్కను తాళిబొట్టు గొలుసుకు ముడేసుకుని, కళ్లు తుడుచుకుంటూ బండెక్కింది. నేను గేటు పక్కనే నిలబడి, ఈ లైసెన్సు వెనక నా పాత్ర ఎంతుందో వచ్చేపోయేవాళ్లకు కొంచెం వివరిస్తూ ఉన్నాను. తప్పుల సంగతి మాత్రం చెప్పలేదు.

సాయంత్రం ఫోను మోగింది. దుర్గ. బండి వేమూరులో ఆగిపోయిందట, గంట పడుతుందట. “మాస్టారూ, మీరు పాపను తీసుకెళ్లి మా అత్త దగ్గర దింపండి. అక్క మీకైతే ఇస్తుంది” అంది. ఇవ్వకేం? నేను దర్జాగా వెళ్లి గేటు తట్టాను. కరుణశ్రీ పాపను ఎత్తుకుని వచ్చింది. పై గడియ తీయలేదు.

“పేలిక ఏదండి?”

“దుర్గ ఫోను చేసిందమ్మా. బండి లేటట. నేను తీసుకెళ్తాను.”

“ఆవిడొస్తుందిగా. పాప జావ తాగింది, హుషారుగా ఉంది. కంగారేం లేదండి.”

“నేనమ్మా, వరప్రసాదాన్ని!”

“తెలుసండి” అంది కరుణశ్రీ. “పక్కనే మా ఆయన కొట్లో కూర్చోండి మాస్టారూ, టీ పంపిస్తాను.”

వెళ్లి జాన్సన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన నావైపు చూసి, నవ్వు దాచుకోవడానికి మిషను తొక్కడం మొదలుపెట్టాడు. గంటంబావుకు బండి కూత వినిపించింది. దుర్గ పరుగెత్తుకొచ్చి, గొలుసుకు కట్టిన ముక్క విప్పి గేటు మీదుగా అందించింది. అంచుకు అంచు కలిసింది, సగం తెగిన ఎర్రపువ్వు పూర్తయింది. గడియ తెరుచుకుంది. పాప తల్లి చంకలోకి దూకింది.

కరుణశ్రీ గేటు దగ్గర నిలబడి నన్ను పిలిచింది. “కోపమొచ్చిందా మాస్టారూ?”

“రాలేదమ్మా” అన్నాను. “నువ్వు పాపను నా చేతికిచ్చి ఉంటే వచ్చేది.”